బూరుగు దూది మోటార్లు, బూడిద నీళ్లు

ముప్పై నాలుగేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఖమ్మం వైపు ఒక కాలేజీలో, కెమిస్ట్రీ విభాగంలో. కాలేజీ పేరు రాయను. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లకు అక్కర్లేదు. ఈ మధ్య ఇదే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఫోన్ చేసి, అసలు ఈ పని ఏంది సార్ అని అడిగారు. ఆర్డరు కాపీలో రాసి ఉంటుంది కదా అన్నాను. అది చదివాకే అడుగుతున్నామన్నారు. నిజమే, నేను చేరినప్పుడు నాకూ అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గొడవ ఇందులో ఉండదు. నేను చేసిన ఒక తప్పు ఉంటుంది.

సీసాలు కడిగేవాడు

మా చుట్టాల్లో ఒకాయన నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే, "కాలేజీల సీసాలు కడుగుతడు" అనేవాడు. వెక్కిరింపుగానే అనేవాడు గానీ అందులో అబద్ధం లేదు. నా ఉద్యోగంలో సగం సింకు దగ్గరే గడిచింది. మా నాయన ఇల్లందు బావుల్లో బొగ్గు తవ్విన మనిషి. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, పని చేసేచోట ఫ్యాను ఉంటుందా అని. ఉంటుందన్నాను. ఆయనకు అంతకంటే ఇంకేం అక్కర్లేకపోయింది.

కొత్తవాళ్లకు ఒక సంగతి ముందే చెబుతాను. సరిగ్గా కడగని సీసా ఒకటి చాలు, ఒక విద్యార్థి మూడేళ్ల పని మట్టిలో కలవడానికి. సరిగ్గా కడిగిన సీసాకు మాత్రం ఎవరూ దండ వేయరు. అచ్చయ్యే పరిశోధన పేపర్ల మీద మీ పేరు ఉండదు. దాని కోసం ఏడ్చేవాళ్లు వేరే ఉద్యోగం చూసుకోవాలి. పేరు లేకపోయినా ఆ పేపర్లో ప్రతి వాక్యం వెనక మీ చెయ్యి ఉంటుంది. ఈ మాట ఎవరో చెబితే విన్నది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నాను.

నేను ఎక్కువ కాలం పనిచేసింది మా విభాగంలో పరిశోధన చేయించే రాఘవులు సార్ దగ్గర. గోరంత కనబడితే కొండంత చెప్పే మనిషి. ఆయన ఉత్సాహాన్ని పట్టి ఆపడం నా ఉద్యోగంలో భాగమని అనుకునేవాణ్ని. కానీ ఇంకొకరి పనిని తనదిగా చెప్పుకోవడం ఆయన దగ్గర ఎన్నడూ చూడలేదు. ఆయన ఫ్లాస్కులో టీ మొదటి కప్పు నాకే పోసేవారు. అలాంటి బాసు దొరికితే మిగతావన్నీ సర్దుకోవచ్చు.

గొట్టమే మోటారు

ఒకరోజు సార్ వచ్చి, నీళ్లలో తమంతట తాము తిరిగే మోటార్లు చేద్దామన్నారు. కంటికి ఆననంత చిన్నవి. పెద్ద నగరాల ల్యాబుల్లో అప్పటికే చేస్తున్నారట, ప్లాటినం పూతలతో, మేం పేరు కూడా పలకలేని యంత్రాలతో. మా దగ్గర ఉన్నవి ఒక పాత మైక్రోస్కోపు, తలుపు సరిగ్గా పడని ఓవెను.

మోటారు అనగానే తీగ చుట్టలు, బేరింగులు ఊహించుకోకండి. ఇది ఒట్టి గొట్టం. లోపలి గోడకు ఒక పూత ఉంటుంది. ఆ గొట్టాన్ని హైడ్రోజన్ పెరాక్సైడు కలిపిన నీళ్లలో వేయాలి. దవాఖానాలో పుండు కడిగితే తెల్లగా పొంగే మందు ఉంటుందే, అదే ఇది. పూత తగలగానే ఆ మందు విరిగి లోపల ఆక్సిజన్ బుడగలు పుడతాయి. బుడగలు ఒక మూతిలోంచి తన్నుకొస్తే గొట్టం రెండోవైపుకు పోతుంది. ఊదిన బెలూనును మూతి కట్టకుండా వదిలేస్తే ఎలా పోతుందో అలాగే. అద్దకాల రంగు కలిసిన మురికినీళ్లలో ఇలాంటివి చెంచాడు వేస్తే, అవే ఈదుతూ, అవే కలియబెడుతూ రంగు విరగ్గొడతాయని సార్ ఆశ.

గొట్టం ఎక్కడిది? అక్కడే నెల రోజులు ఆగిపోయాం. అప్పుడే పరిశోధనకు చేరిన అమ్మాయి పాయం నాగమణి. దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న కోయగూడెం వాళ్లది. ఫోన్లో ఇంటివాళ్లతో కోయ భాషలో మాట్లాడేది, మాతో తక్కువ మాట్లాడేది. ఆ అమ్మాయి ఒకరోజు బూరుగు దూది తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"దీని పోగు లోపల డొల్లగ ఉంటది సార్," అంది. "అందుకే నీళ్లల్ల ముంచినా తేల్తది."

మైక్రోస్కోపు కింద పెట్టి చూశాం. సన్నని గాజు గొట్టంలా ఉంది. అడవిలో ఎండాకాలం కాయ పగిలి గాలికి ఎగిరిపోయే దూది. సార్ ఆ రోజు మూడుసార్లు ఫ్లాస్కు నింపించారు.

పోగులన్నీ ఒకే పొడవులో కోయడం నా వంతు. తుమ్మ జిగురులో పోగులను కట్టగా తడిపి, ఆరబెట్టి, రెండు బ్లేడ్ల మధ్య సన్నటి రేకు పెట్టి కోసేవాణ్ని. ఆవగింజలో నాలుగో వంతు పొడవు. జిగురు కడిగేసి, మంచినీళ్ల బావుల్లో వేసే ఊదారంగు పర్మాంగనేటులో నానబెడితే లోపల గోధుమరంగు పూత పడుతుంది. చెప్పడానికి ఇంతే. చేతికి అలవాటు పడటానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఈ కోత ఎవరికైనా నేర్చుకోవాలనిపిస్తే ఇంటికి రండి, నేర్పుతాను.

చచ్చినదాన్ని పెట్టి చూడండి

మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు ఆరు పోగులు కదిలాయి. సార్ కారిడార్‌లోకి పరుగెత్తి ప్రిన్సిపాల్ గారికి కబురు పెట్టారు. నాకెందుకో అనుమానం. ఆరూ ఎడమవైపుకే పోతున్నాయి. చీమలైతే బారు కడతాయి గానీ వీటికేం పని? పూత లేని పోగు ఒకటి తీసి, మందు కలపని నీళ్లలో వేశాను. అదీ ఎడమవైపుకే పోయింది. కింద చూస్తే టేబుల్ కాలొకటి పగిలిన టైలు మీద ఉంది. నీళ్లు వాలుతున్నాయి, పోగులు వాటితో పోతున్నాయి.

ఈలోగా ప్రిన్సిపాల్ గారు వచ్చేశారు. ఏం కనిపెట్టారండీ అన్నారు. టేబుల్ వంకరగా ఉందని కనిపెట్టామండీ అని సార్ పకపకా నవ్వారు. తప్పు తేలితే నవ్వగలిగిన బాసును నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

ఈ పనిలో నేను నేర్పగలిగేది ఒకటుంటే అది ఇదే. బతికున్నదాని పక్కన చచ్చినదాన్ని ఒకటి పెట్టి చూడండి. రెండూ కదిలితే మీరు ఏమీ కనిపెట్టలేదని అర్థం.

అవ్వ పొయ్యి

అసలు ఇబ్బంది జిడ్డుతో వచ్చింది. బూరుగు పోగు ఒంటినిండా మైనం. నీళ్లు అంటవు, పర్మాంగనేటు లోపలికి పోదు. కాస్టిక్ సోడాతో కడిగితే పోతుంది. కానీ మా స్టోరులోని సోడా సీసాకు ఎవరో మూత సరిగ్గా పెట్టలేదు. చెమ్మపట్టి, గడ్డకట్టి పనికిరాకుండా పోయింది. కొత్తది కావాలని ఆఫీసుకు ఇండెంటు పెడితే వచ్చేసరికి రెండు నెలలు.

అప్పుడు నాగమణి నసుగుతూ చెప్పింది. వాళ్ల అవ్వ జిడ్డు బట్టలకు బూడిద నీళ్లు పోస్తుందట. తీస్కరా చూద్దాం అన్నాను. సోమవారం వచ్చేటప్పుడు కవర్లో బూడిద తెచ్చింది, వాళ్ల అవ్వ పొయ్యిలోది. నానబెట్టి, గుడ్డలో వడగట్టి, లిట్మస్ కాగితం ముంచి చూస్తే మంచి క్షారం. పోగులను అందులో ఒకపూట నానవేసి, కడిగి, పూత వేశాం.

మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే ఒకటి గుండ్రంగా తిరుగుతోంది, ఒకటి వంకర్లు పోతోంది, ఇంకొకటి తాగినవాడిలా ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది. ఒక్కోటి ఒక్కో దిక్కుకు. పక్కన పెట్టిన చచ్చిన పోగు, బూడిద నీళ్లూ పూతా తగలనిది, ఉన్నచోటే ఉంది. నాగమణి చాలాసేపు కన్ను తీయలేదు. నాకు చోటిచ్చాక నేనూ తీయలేదు. ముప్పై నాలుగేళ్లలో నాకు ఒళ్లు పులకరించిన రోజులు బహుశా మూడో నాలుగో. వాటన్నిటిలో పెద్దది అదే.

తప్పు జరిగింది ఆ వారంలోనే. ద్రావణాలు ఎలా తయారుచేశామో రాసే రిజిస్టరు నా చేతిలో ఉండేది. పేపర్ కోసం నాగమణి రాసుకొచ్చిన చిత్తుప్రతిలో 'కట్టె బూడిద నీళ్లు' అని ఉంది. నేను పెన్ను తీసి అది కొట్టేసి 'డైల్యూట్ ఆల్కలీ', అంటే పలచని క్షారం, అని రాశాను. రిజిస్టరులోనూ అదే రాశాను.

"బూడిద అనే రాయొద్దా సార్?" అని అడిగింది.

"బూడిద అని రాస్తే నవ్వుతరమ్మా. క్షారం క్షారమే," అన్నాను.

ఆ కాగితం వెనక్కి తీసుకుని, సరే అంది. పదిహేనేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ సార్లు చెప్పింది రాయడం అలవాటైన అమ్మాయి. నేనేమో తలనెరిసినవాణ్ని. రాఘవులు సార్ ఫలితాలు చదివేవారు గానీ ద్రావణాల సంగతి నాకే వదిలేసేవారు. పేపరు అచ్చయింది. తర్వాత కొత్త సోడా సీసా వచ్చినా మూత తీయలేదు. నడుస్తున్న బండిని ఎందుకు ఆపాలని నెలనెలా ఆ అవ్వ పొయ్యి బూడిదనే వాడుకున్నాం.

పదిహేను రోజులు

రెండేళ్లకు ఎక్కడో దూరాన ఉన్న ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు చెప్పినట్టే చేశాం, మోటార్లు పాకుతున్నాయే తప్ప పరుగెత్తడం లేదని. మళ్లీ చేసి చూడమని సార్ జవాబు రాశారు. మళ్లీ చేశారు. మూడోసారి ఉత్తరం మాకు రాలేదు, యూనివర్సిటీకి పోయింది. ఆ వేగాలు కల్పించినవని, వీడియోలు అనుమానంగా ఉన్నాయని అందులో ఉంది.

ముగ్గురితో కమిటీ వేశారు. నాగమణి థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలుంది. కల్పించిందని తేలితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆమె గూడెంలో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఆమే. దొంగ లెక్కలు రాసిన పిల్ల అని పేరు పడితే ఇక ఏ ల్యాబూ గడప తొక్కనివ్వదు.

మొదటి విచారణలో కమిటీలోని పెద్దాయన ఒకటే అడిగారు: ఏ క్షారం వాడావమ్మా? నేను గోడ పక్కన రిజిస్టర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాగమణి నా వైపు చూసింది. నేను రిజిస్టరు వైపు చూశాను.

"రిజిస్టర్ల ఉన్నదే సార్," అంది ఆమె.

సంజాయిషీకి పదిహేను రోజులు గడువిచ్చారు.

నేనెందుకు నోరు విప్పలేదో దాచకుండా రాస్తాను. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. రికార్డు దిద్దానని తేలితే నా మెడకే చుట్టుకుంటుంది. బూడిద వల్లే తేడా వచ్చిందని రుజువేమిటని నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు పిలిచినా ఉలిక్కిపడేవాణ్ని. ఆ సాయంత్రమే సీలు తీయని సోడా సీసా తెరిచి ఒక్కణ్నే చేసి చూశాను. సోడాతో కడిగినవి, ఆ దూరపు ల్యాబువాళ్లు రాసినట్టే, పాకాయి. బూడిదతో కడిగినవి పరుగెత్తాయి. మూడు సాయంత్రాలు చేశాను, మూడుసార్లూ అంతే. ఇక అనుమానం లేదు. అయినా ఇంకో రెండు రోజులు నోరు మెదపలేదు. ఆ రెండు రోజులు నాగమణి హాస్టల్ నుంచి వచ్చి, పాత వీడియోలన్నీ మొదటి నుంచి చూసుకుంటూ కూర్చుంది. తన కళ్లను తానే నమ్మలేని స్థితికి వచ్చింది. అది చూస్తూ కూడా ఊరుకున్నాను.

ఆరో రోజు పొద్దున రాఘవులు సార్ గదిలో, నాగమణి ముందే, అంతా చెప్పాను. నాకు ఒక్క మాట చెప్పొద్దా అయ్యా అన్నారు సార్. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆయన కూడా మనిషే. మన ద్రావణం ఒక సీసాడు ఆ ల్యాబువాళ్లకు పంపిద్దాం, బూడిద ఊసెత్తకుండా, వాళ్లకూ పరుగెడతాయి, గొడవ తీరుతుంది అన్నారు. ఆయన చెబుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నాగమణి తల ఎత్తింది.

"వద్దు సార్. ఆ సీసా అయిపోతది. మల్లా నన్నే అంటరు."

 సార్ ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను.

రెండో విచారణ ల్యాబులోనే జరిగింది. నాగమణి ఊరికి పోయి కొత్త బూడిద తెచ్చింది. కమిటీ ముందే నానబెట్టి, వడగట్టి, మూడు పళ్లేలు పెట్టింది. సోడాతో కడిగినవి ఒకదానిలో, బూడిదతో కడిగినవి ఒకదానిలో, బూడిదతో కడిగి అసలు పూతే వేయనివి మూడోదానిలో. మొదటివి పాకాయి. రెండోవి పరుగెత్తాయి. మూడోవాటి నుంచి కూడా అక్కడొకటి ఇక్కడొకటి బుడగలు వచ్చాయి. బూడిదలోని ఖనిజాలు పోగుకు అంటుకుని అవి కూడా మందును విరగ్గొడుతున్నాయన్నమాట. ఆ మూడో పళ్లెం పెట్టాలన్న ఆలోచన ఆమెదే. బతికున్నదాని పక్కన చచ్చినదాన్ని పెట్టమని నేర్పింది నేను, రెండేళ్లపాటు బూడిదకు ఆ పరీక్ష పెట్టనిదీ నేనే.

పెద్దాయన మైక్రోస్కోపు నుంచి లేచి, కల్పన ఏమీ లేదు, రికార్డు తప్పు అన్నారు. పేపరు వెనక్కి తీసుకుని సరిచేసి రాయాలన్నారు. నాకు మెమో ఇచ్చారు. అది న్యాయం. నాగమణికి ఏడాది పోయింది, తుమ్మ, ఇప్ప, నల్లమద్ది, వెదురు, ఒక్కో కట్టె బూడిదతో అన్నీ మళ్లీ చేయాల్సి వచ్చింది. అది న్యాయం కాదు. ఆ ఏడాది నేను తీర్చలేనిది.

కొత్తగా చేరిన పిల్లలూ, మీరు చేసినది చేసినట్టు రాయండి. చెరువు నీళ్లు వాడితే చెరువు నీళ్లని, పాత బనీను గుడ్డలో వడగడితే బనీను గుడ్డని. మర్యాదగా కనిపించే మాట కోసం వెతకడం మొదలుపెట్టారంటే అక్కడ ఏదో దాస్తున్నారని లెక్క.

సింకు దగ్గర

విచారణ అయ్యాక నాగమణి నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఒకరోజు మధ్యాహ్నం నేను సీసాలు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"ఒకటి అడగాల్నని ఉంది సార్. మీరు సిగ్గుపడ్డది బూడిదకా, మా ఇంటికా?"

"నీ మంచికే చేసిన్నమ్మా. నిన్ను చూసి నవ్వుతరేమోనని."

"నవ్వేటోళ్లు ఇంకా రానేలేదు సార్. మీరే ముందు కొట్టేసిన్రు."

కడిగిన సీసాలు తీసుకుని వెళ్లిపోయింది. థీసిస్ ఇచ్చింది, డాక్టరేట్ వచ్చింది, ఇప్పుడు వేరే ఊళ్లో తన పని తాను చేసుకుంటోంది. ఆ థీసిస్‌లో వాళ్ల అవ్వ పేరు, పొయ్యిలో ఏ కట్టె కాల్చేదీ, అన్నీ ఉన్నాయి. నేను మాత్రం ఆమె ప్రశ్నకు జవాబు చెప్పకుండానే రిటైరయ్యాను.

ఇప్పుడు చెబుతున్నాను. బూడిద నీళ్ల సంగతి నేను నాగమణి దగ్గర మొదటిసారి వినలేదు. ఇల్లందులో బొగ్గు కంపెనీ ఇచ్చిన లైను క్వార్టర్లలో ఉండగా మా నాయన బావి నుంచి బొగ్గు, గ్రీజు పట్టిన బట్టలతో వచ్చేవాడు. మా అమ్మ వాటిని బూడిద నీళ్లలోనే నానవేసేది. కంపెనీ బొగ్గు ఇంట్లో ఎంత ఉన్నా బొగ్గు బూడిద ముట్టేది కాదు. కట్టె బూడిదను విడిగా డబ్బాలో దాచేది, అందులోనూ ఏ కట్టెదో చూసి. అన్ని బూడిదలూ ఒకటి కావని చదువు లేని మా అమ్మకు తెలుసు. ఆమె కొడుకు ల్యాబులో నిలబడి క్షారం క్షారమే అన్నాడు. మా అవ్వ ఇట్ల చేస్తది అని ఆ పిల్ల చెప్పినప్పుడు, మా అమ్మా అంతేనమ్మా అనాల్సింది. అప్పుడే వింటున్నవాడిలా మొహం పెట్టి, తీస్కరా చూద్దాం అన్నాను.

నాగమణీ, నేను సిగ్గుపడ్డది మా ఇంటికి.